స్వతంత్ర రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు: చిత్తుప్రతి నుంచి అచ్చు దాకా

పత్రికలకూ ప్రచురణ సంస్థలకూ బయటి నుంచి రచనలు పంపేవారు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. రచనలు పంపి ఎదురుచూస్తూ కొన్నేళ్లు, ఇతరులు పంపిన రచనలను చదివి ఎంపిక చేస్తూ మరికొన్నేళ్లు గడిపాను. బల్లకు రెండు వైపులా కూర్చున్నందువల్ల కొత్త రచయితలు ఏ విషయంలో అనవసరంగా భయపడతారో, ఏ విషయంలో భయపడవలసి ఉండీ భయపడరో గమనించే అవకాశం నాకు దొరికింది.

ఫ్రీలాన్స్ రచయిత అని ఎవరిని అంటారు?

ఏ సంస్థలోనూ జీతానికి కుదరకుండా, ఒక్కో రచనకు ఇంత అని మాట్లాడుకుని, ఒకరికంటే ఎక్కువమందికి రాసేవారిని అలా పిలుస్తున్నాం. కథలు, కవితలు పంపేవారూ, పరిశోధించి వ్యాసాలు రాసేవారూ, ఇతరుల ఆత్మకథలను రాసిపెట్టేవారూ అందరూ ఈ మాట కిందికే వస్తారు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా వ్యాసాలు రాసేవారి గురించే అయినా చాలా సంగతులు కథారచయితలకు కూడా వర్తిస్తాయి.

ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగవచ్చునా?

వెంటనే వద్దనే చెబుతాను. ప్రతిపాదన పంపిన రోజుకూ పారితోషికం చేతికందే రోజుకూ మధ్య చాలా కాలం గడుస్తుంది. సంపాదకులు జవాబివ్వడానికి కొన్ని వారాలు, రాయడానికి కొన్ని వారాలు, అచ్చు కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆ తరువాత గానీ డబ్బు రాకపోవచ్చు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, అడగకుండానే పని అప్పగించే సంపాదకులు ఇద్దరు ముగ్గురు ఏర్పడిన తరువాత ఆలోచించండి. ఆదాయం కోసం తొందరపడే రచయిత చదవకుండానే ఒప్పందాల మీద సంతకం చేస్తాడు. ఆ నష్టం డబ్బు నష్టం కంటే పెద్దది.

రాయాలని ఉంది కానీ విషయం దొరకడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందికి విషయం దొరకకపోవడం నిజమైన ఇబ్బంది కాదు. వారి దగ్గర విషయాలు ఉంటాయి, వ్యాసాలు ఉండవు. ఈ రెండింటికీ తేడా ఉంది. 'వినికిడి లోపం' అనేది విషయం. దాని మీద వెయ్యి పుటల గ్రంథం రాయవచ్చు, పాఠ్యపుస్తకం రాయవచ్చు, కానీ పత్రికలో రెండు పుటల్లో పట్టేదేమీ అందులో ఇంకా లేదు. 'నడివయసు దాటాక వినికిడి తగ్గినవారు ఆ సంగతిని తమకు తాము ఒప్పుకోవడానికి, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఎందుకంత కాలం తీసుకుంటారు?' అనేది వ్యాసం. అందులో ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవారు ఉన్నారు, జవాబు తెలుసుకోవాలనుకునే పాఠకులూ ఉన్నారు.

కాబట్టి మీకు ఆసక్తి ఉన్న విషయాన్ని తీసుకుని, దాని గురించి మీకే జవాబు తెలియని ప్రశ్నలు పది రాసుకోండి. వాటిలో ఏడెనిమిది ఎవరైనా నిమిషంలో వెతికి చెప్పగలిగేవే అయి ఉంటాయి. మిగిలిన రెండు మూడింటిలో ఒకటి మీ వ్యాసం. 'తెలిసిన దాని గురించే రాయాలి' అనే సలహా కథకు కొంతవరకు పనికి వస్తుంది కానీ, వ్యాసానికి నేను దాన్ని సిఫారసు చేయను. ముందే తెలిసినదాన్ని రాసేటప్పుడు పాఠకుడికి తెలియనిదేమిటో మనకు తోచదు. కొత్తగా తెలుసుకుంటూ రాసినప్పుడు మనం తడబడిన చోటే పాఠకుడూ తడబడతాడని గుర్తుంటుంది.

ఏ పత్రికకు పంపాలో ఎలా తెలుస్తుంది?

చదివితే తెలుస్తుంది. ఒక పత్రికకు పంపాలనుకుంటే కనీసం ఇటీవలి ఆరు సంచికలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా, పెన్సిలు చేతపట్టుకుని చదవండి. ఏ శీర్షికల కింద ప్రతిసారీ అవే పేర్లు కనిపిస్తున్నాయో చూడండి. అవి సిబ్బందికో శాశ్వత కాలమిస్టులకో కేటాయించినవి, అక్కడ మీకు చోటు లేదు. ఏ శీర్షిక కింద పేర్లు మారుతున్నాయో అది మీ తలుపు. ఆ శీర్షికలో వచ్చిన వ్యాసాల్లో పదాలు లెక్కపెట్టండి, ఎంతమందితో మాట్లాడి రాశారో చూడండి, సంఘటనతో మొదలుపెడుతున్నారా, వాదనతో మొదలుపెడుతున్నారా గమనించండి, పాఠకుడికి ఏయే సంగతులు ముందే తెలుసని అనుకుంటున్నారో గుర్తించండి. ఆ పత్రిక గడిచిన రెండేళ్లలో మీ విషయం మీదే ఏమైనా వేసిందేమో వెతకండి. వేసి ఉంటే మీ వ్యాసం దానికి ఏం కలుపుతుందో చెప్పగలగాలి.

నా బల్ల మీదికి వచ్చిన రచనల్లో అత్యధికం బాగాలేనందువల్ల తిరిగి వెళ్లలేదు. ఎనిమిది వందల పదాల శీర్షికకు నాలుగు వేల పదాలు రావడం, కవిత్వమే వేయని పత్రికకు కవితా సంపుటి రావడం వంటి కారణాలే ఎక్కువ. మంచి రచన తప్పు చిరునామాకు వెళ్లి తిరిగిరావడం చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది.

ముందు వ్యాసం రాసి పంపాలా, లేక ప్రతిపాదన పంపి అనుమతి వచ్చాక రాయాలా?

కథ, కవిత, స్వానుభవ వ్యాసం, హాస్యరచన పూర్తిగా రాసే పంపాలి, ఎందుకంటే వాటి విలువ అంతా వాటిని రాసిన తీరులోనే ఉంటుంది. మనుషులను కలిసి, సమాచారం సేకరించి రాయవలసిన వ్యాసానికి ముందు ప్రతిపాదన పంపడం మేలు. ఆ దశలోనే సంపాదకులు 'ఈ కోణం వద్దు, ఆ కోణం చూడండి' అని చెబితే మీకు నెల రోజుల శ్రమ మిగులుతుంది. పుస్తకాల విషయంలో నవలను సాధారణంగా పూర్తిచేసిన తరువాతే ప్రచురణకర్తకు చూపుతారు. కాల్పనికేతర పుస్తకానికి చాలాచోట్ల ప్రతిపాదన, అధ్యాయాల వారీ సంగ్రహం, ఒకటి రెండు నమూనా అధ్యాయాలు సరిపోతాయి.

ప్రతిపాదన లేఖలో ఏముండాలి?

నాలుగు వందల పదాలు దాటని లేఖలో, మీరు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో మొదటి పేరాలోనే ఉండాలి. మీ పరిచయంతో మొదలుపెట్టకండి. సంపాదకులు మొదట చూసేది మీరెవరన్నది కాదు, తమ పాఠకుడికి ఇందులో ఏముందన్నది. పైన చెప్పిన వినికిడి వ్యాసాన్నే తీసుకుంటే, 'వినికిడి లోపం నేడు పెద్ద సమస్యగా మారింది, దీనిపై సమగ్రమైన వ్యాసం రాయదలచాను' అని మొదలయ్యే లేఖ ఏమీ చెప్పదు. 'వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేవి సాధారణంగా కీచుగా ఉండే హెచ్చు స్థాయి ధ్వనులు. అందువల్ల మాట వినిపిస్తూనే ఉంటుంది కానీ స, ష, ఫ వంటి అక్షరాలు జారిపోయి అర్థం కాదు. ఎదుటివాళ్లు సరిగ్గా మాట్లాడటం లేదని ఆ మనిషి నిజంగానే నమ్ముతాడు. ఈ నమ్మకం వల్ల కుటుంబాల్లో ఏం జరుగుతుందో, దాన్ని దాటి పరీక్షకు వెళ్లినవారిని ఏది కదిలించిందో రాయదలచాను' అని మొదలయ్యే లేఖ చదివిన సంపాదకులకు వ్యాసం కళ్లకు కడుతుంది.

రెండో పేరాలో మీరు ఎవరెవరితో మాట్లాడతారో చెప్పండి. ఆ మాటలో నిర్దిష్టత ఉండాలి. 'నిపుణులతో మాట్లాడతాను' అనడం కంటే 'వినికిడి పరీక్షలు చేసే ఒక ఆడియాలజిస్టుతో, పరికరం కొనుక్కుని సొరుగులో పెట్టేసిన ఇద్దరితో, వాడుతున్న ముగ్గురితో మాట్లాడతాను, వారిలో నలుగురు ఇప్పటికే ఒప్పుకున్నారు' అనడం ఎంతో బలమైన మాట. తరువాత ఎన్ని పదాలు, ఏ శీర్షికకు, ఏ తేదీకి ఇవ్వగలరు అన్నది ఒక వాక్యంలో, ఈ విషయం రాయడానికి మీకున్న అర్హత రెండు వాక్యాల్లో చెప్పండి. ఇంతకు ముందు అచ్చయిన రచనలుంటే రెండు మూడింటికి మించకుండా జతచేయండి. ఏవీ లేకపోతే ఆ ప్రస్తావనే తేకండి. 'నేను కొత్తవాడిని, పొరపాట్లుంటే మన్నించగలరు' అని రాయడం వల్ల ఎవరికీ మేలు జరగదు. సంపాదకుల పేరు తప్పుల్లేకుండా రాయడం మాత్రం మరచిపోకండి.

వ్యాసానికి మంచి ఎత్తుగడ ఎలా దొరుకుతుంది?

చాలాసార్లు అది మీ చిత్తుప్రతిలో మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో దొరుకుతుంది. మొదటి రెండు పేరాలూ మనల్ని మనం సిద్ధం చేసుకోవడానికి రాసుకున్నవి, వాటితో పాఠకుడికి పని లేదు. 'మానవ జీవితంలో వినికిడికి ఎంతో ప్రాధాన్యం ఉంది' అనే వాక్యంలోని వినికిడిని తీసేసి చూపు, నిద్ర, నీరు, చదువు ఏది పెట్టినా వాక్యం అలాగే నిలబడుతుంది. అలా ఏ వ్యాసానికైనా అతికే వాక్యం మీ వ్యాసానికి చెందినది కాదు. దాని బదులు 'అందరూ నవ్వినప్పుడు ఆయనా నవ్వాడు. ఎందుకు నవ్వారో ఆయనకు వినిపించలేదు' అని మొదలుపెడితే పాఠకుడి ముందు ఒక మనిషి నిలబడతాడు, వ్యాసం దేని గురించో కూడా తెలిసిపోతుంది.

అయితే సంఘటనతో మొదలుపెట్టడం ఇప్పుడు ఒక అలవాటుగా మారింది కాబట్టి ఒక హెచ్చరిక చేయాలి. మొదట కనిపించిన మనిషి వ్యాసం మధ్యలోనైనా, చివరలోనైనా మళ్లీ కనిపించాలి. మొదటి పేరాలో వాడుకుని వదిలేస్తే ఆ మనిషిని అలంకారంగా వాడుకున్నట్టే అవుతుంది, పాఠకుడు దాన్ని గ్రహిస్తాడు కూడా. సంఘటన దొరకకపోతే ప్రశ్ననే సూటిగా అడిగి మొదలుపెట్టవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

నా వాక్యాలు బరువుగా ఉన్నాయని అంటున్నారు. ఎలా సరిచేసుకోవాలి?

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అందువల్ల కర్తకూ క్రియకూ మధ్య ఎన్ని మాటలు చేర్చినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, కానీ చదివేవారి జ్ఞాపకం ఒప్పుకోదు. 'చేసి', 'వెళ్లి', 'చూసి' అంటూ అసమాపక క్రియలను వరుసగా పేర్చుకుంటూ పోయినప్పుడు, ఎవరు ఏం చేశారన్నది మధ్యలోనే జారిపోతుంది. పొడుగు వాక్యం రాయకూడదని నేను అనడం లేదు. పొడుగు వాక్యంలో ప్రతి మెట్టు దగ్గరా పాఠకుడికి కాలు మోపుకోవడానికి చోటుండాలి, దాని పక్కన ఒక పొట్టి వాక్యం ఉండాలి.

అసలు బరువు చాలావరకు అనువాద వాసన వల్ల, కార్యాలయాల భాష వల్ల వస్తుంది. 'సమావేశం నిర్వహించబడింది' అని రాసేవారు ఇంట్లో ఎప్పుడూ అలా మాట్లాడరు, 'సమావేశం జరిగింది' అంటారు. 'నిర్ణయం తీసుకోవడం జరిగింది' అన్నచోట 'నిర్ణయించారు' చాలు, పైగా అలా రాయాలంటే నిర్ణయించినవారెవరో రచయిత తెలుసుకోక తప్పదు. 'ఈ ఇల్లు నాలుగు గదులను కలిగి ఉంది' అని ఏ తెలుగువారూ అనరు, 'ఈ ఇంట్లో నాలుగు గదులున్నాయి' అంటారు. 'ఆయన ఒక మంచి ఉపాధ్యాయుడు' అన్న వాక్యంలో 'ఒక' తీసేసి చదవండి, ఏమీ తగ్గదు. మీ చిత్తుప్రతిలో 'బడు', 'జరిగింది', 'కలిగి', 'ఒక' అనే నాలుగు మాటల కింద గీతలు గీసుకుంటూ వెళ్లండి. సగం బరువు అక్కడే దిగిపోతుంది.

ఎన్నిసార్లు తిరగరాయాలి?

నేను సాధారణంగా మూడుసార్లు రాస్తాను. మొదటిసారి రాశాక కనీసం రెండు రోజులు పక్కన పెడతాను. రెండోసారి క్రమాన్ని మాత్రమే చూస్తాను, అంటే ఏ పేరా ముందు రావాలి, ఏది అక్కర్లేదు అన్నది. మూడోసారి వాక్యాలు చూస్తాను. ఈ వరుసను తిప్పకండి, ఎందుకంటే నగిషీ చెక్కిన వాక్యాన్ని తీసేయడానికి మనసు రాదు. చివరిగా బయటికి చదవాలి. నాలుక తడబడిన చోట వాక్యంలో లోపముంటుంది, కంటికి కనిపించని పునరుక్తులు చెవికి వినిపిస్తాయి.

ఇంటర్వ్యూ చేసేటప్పుడు పాటించవలసిన మర్యాదలేమిటి?

మీరెవరో, ఏ పత్రికకు రాస్తున్నారో, వారి మాటలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పాలి. అనుమతి తీసుకోకుండా రికార్డు చేయకూడదు. రికార్డు చేస్తున్నా నోట్సు రాసుకోవడం మానకండి, యంత్రం మొరాయించిన రోజున ఆ కాగితాలే దిక్కు. పేరు ఎలా రాయాలో వారి చేతనే రాయించుకోవడం అన్నిటికంటే చిన్న పని, అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే పని కూడా.

'ఇది మీకు మాత్రమే చెబుతున్నాను, రాయకండి' అని ఎవరైనా అంటే, ఆ మాట వాళ్లు చెప్పబోయే ముందు అన్నారా, చెప్పేశాక అన్నారా అన్నది ముఖ్యం. పత్రికలతో మాట్లాడటం అలవాటున్న అధికారి చెప్పేశాక వద్దంటే రాయవచ్చునని పాత్రికేయ సంప్రదాయం. మామూలు మనిషి విషయంలో నేను ఆ సంప్రదాయాన్ని పట్టుకుని వేలాడను. తన కష్టాన్ని మొదటిసారి ఒక అపరిచితుడితో చెప్పుకున్న మనిషికి, ఆ మాటలు అచ్చులో ఎలా కనిపిస్తాయో ఊహించడం సాధ్యం కాదు. అటువంటివారికి వారి మాటలు వచ్చే భాగాన్ని ఫోనులో చదివి వినిపిస్తాను, వాస్తవాలు తప్పుగా ఉంటే సరిచేస్తాను. వ్యాసం మొత్తం పంపి 'మార్పులుంటే చెప్పండి' అని మాత్రం ఎవరినీ అడగకండి. అలా అడిగినప్పుడు వ్యాసం మీది కాకుండా పోతుంది, చాలా పత్రికలు దాన్ని అనుమతించవు కూడా.

వాస్తవాలు సరిచూడటం సంపాదకుల పని కాదా?

కాదు, మొదటి బాధ్యత రచయితదే. శుద్ధప్రతిని ఒకటి అచ్చు తీసుకుని ప్రతి పేరు, ప్రతి సంవత్సరం, ప్రతి అంకె, ప్రతి ఉటంకింపు కింద గీత గీయండి. ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి తెచ్చారో అంచున రాయండి. ఏమీ రాయలేకపోయిన చోట మీ జ్ఞాపకం మీద ఆధారపడ్డారన్నమాట, అక్కడే తప్పు దొరుకుతుంది. ఇంకో వ్యాసంలో చూశానన్నది ఆధారం కాదు. ఆ వ్యాసం దేన్ని చూసి రాసిందో దాని దాకా వెళ్లాలి.

కృత్రిమ మేధ పరికరాలను వాడవచ్చునా?

ప్రచురణకర్త నియమాలను ముందు చదవండి. కొందరు పూర్తిగా నిషేధించారు, కొందరు వాడిన సంగతి చెప్పమంటున్నారు. నియమం ఏదైనా, ఆ పరికరాలు లేని పుస్తకాలనూ లేని ఉటంకింపులనూ ఎంతో ధీమాగా పుట్టించగలవు, వాటిని సరిచూడకుండా పంపితే పోయేది మీ పేరు. రికార్డు చేసిన సంభాషణను కాగితం మీదికి తెచ్చుకోవడం వంటి పనులకు వాడినా, వాడుకున్న ప్రతి మాటనూ మళ్లీ విని సరిచూసుకోవాలి.

రాతప్రతిని ఏ రూపంలో పంపాలి?

పత్రిక చెప్పిన రూపంలోనే పంపాలి. ఏమీ చెప్పకపోతే, చదవడానికి ఇబ్బంది లేని అక్షర పరిమాణంలో, పంక్తుల మధ్య ఎడంతో, చుట్టూ అంచులు వదిలి, పుటల సంఖ్య వేసి పంపండి. మొదటి పుటలో మీ పేరు, సంప్రదించే వివరాలు, పదాల సంఖ్య ఉండాలి. తెలుగులో రాసేవారు, వివిధ లిపులను ఏ కంప్యూటరైనా చదవగలిగేలా చేసే ప్రమాణమైన యూనికోడ్‌లోనే రాయడం మంచిది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణం నుంచీ తెలుగు లిపికి అందులో చోటుంది. పాత డీటీపీ ఖతులలో (ఫాంట్లలో) కొట్టిన ప్రతి, ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది, మార్పిడి చేసేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. రంగులు, బొమ్మలు, అలంకారపు అక్షరాలు వద్దు.

హామీపత్రం అంటే ఏమిటి? ఒకే రచనను ఒకేసారి ఇద్దరికి పంపవచ్చునా?

ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదమో అనుకరణో కాదు, ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, ప్రస్తుతం మరెక్కడా పరిశీలనలో లేదు అని రచయిత రాసిచ్చే మాటే హామీపత్రం. దాన్ని అడిగిన పత్రికకు పంపిన రచనను, వారి నిర్ణయం తెలిసేదాకా వేరొకరికి పంపకూడదు. ఒకేసారి పలువురికి పంపడాన్ని అనుమతించే పత్రికలు కూడా ఉన్నాయి. అక్కడ ఒకరు అంగీకరించిన రోజునే మిగిలినవారికి తెలియజేయడం కనీస ధర్మం. సొంత బ్లాగులోనో సామాజిక మాధ్యమంలోనో పెట్టిన రచనను చాలామంది సంపాదకులు ప్రచురితమైనదిగానే లెక్కిస్తారు.

జవాబు రాకపోతే ఎంతకాలం చూడాలి?

పత్రిక గడువు ప్రకటిస్తే ఆ గడువు దాటిన రెండు వారాలకు, లేకపోతే ప్రతిపాదనకు నెల, పూర్తి రచనకు మూడు నెలలు చూసి, మూడు వాక్యాల్లో మర్యాదగా గుర్తుచేయండి. మరో రెండు వారాలు గడిచినా జవాబు లేకపోతే రచనను వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, ఇంకొకరికి పంపండి.

తిరస్కరించినప్పుడు కారణం అడగవచ్చునా?

అడగకపోవడమే మంచిది. వందల రచనలు చదివేవారికి ప్రతిదానికీ కారణం రాసే సమయముండదు. ఎవరైనా అడగకుండానే ఒక్క వాక్యం రాసినా దాన్ని చాలా విలువైనదిగా చూడండి. 'ఇది కుదరలేదు, మరొకటి పంపండి' అని వచ్చిన మాటను ఓదార్పు అనుకుని ఊరుకున్న రచయితలను నేను చాలామందిని చూశాను. సంపాదకులు ఆ మాట అక్షరాలా అదే అర్థంలో రాస్తారు. నెలలోపు మరొకటి పంపండి.

సంపాదకులు నా రచనను మార్చేస్తే ఒప్పుకోవాలా?

వాక్యాలు బిగించడం, నిడివి తగ్గించడం, శీర్షిక మార్చడం సాధారణంగా వారి పనిలో భాగం. అర్థం మారినప్పుడు, వాస్తవం తప్పయినప్పుడు, ఎవరో అన్న మాట వక్రీకరించబడినప్పుడు మీరు గట్టిగా నిలబడాలి. అందుకని అచ్చుకు ముందు ప్రూఫులు, అంటే అచ్చుకు సిద్ధం చేసిన పుటల ప్రతి, చూపమని మొదట్లోనే అడగండి. రచనను వికృతంగా మార్చి రచయిత గౌరవానికి భంగం కలిగించడాన్ని అభ్యంతరపెట్టే హక్కును, రచయితల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం 1928 నాటి రోమ్ సవరణలోనే గుర్తించింది. అయినా ఆ హక్కును వాడుకోవలసిన పరిస్థితి చాలా అరుదు. నా అనుభవంలో పదిలో ఎనిమిది మార్పులు రచనను మెరుగుపరిచాయి, మిగిలిన రెండింటిని ఒక ఫోను సంభాషణలో పరిష్కరించుకోగలిగాం.

నా ఆలోచనను ఎవరైనా దొంగిలిస్తారేమో. కాపీరైటు నమోదు చేయించుకోవాలా?

సాహిత్య రచనలకు అంతర్జాతీయ రక్షణ కల్పించే బెర్న్ ఒప్పందం 1886లో కుదిరింది. 1908లో బెర్లిన్‌లో చేసిన సవరణ నుంచి, ఆ రక్షణకు నమోదు వంటి లాంఛనాలేవీ అక్కర్లేదు. రాసిన క్షణం నుంచే హక్కు మీది. ఆ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ తరువాత కనీసం 50 ఏళ్లు రక్షణ ఉంటుంది. అంతకంటే ఎక్కువ కాలం ఇచ్చే దేశాలూ ఉన్నాయి. కొన్ని దేశాల్లో దావా వేయాలంటే నమోదు ఉపయోగపడుతుంది.

అయితే ఈ రక్షణ రచనకే గానీ ఆలోచనకు లేదు. మేధాసంపత్తిపై 1994లో కుదిరిన ట్రిప్స్ ఒప్పందం ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. అందువల్ల ప్రతిపాదనలో ఆలోచన ఒక్కటే ఉంటే దాన్ని ఎవరైనా రాయగలరు. మీరు మాత్రమే చేరుకోగల మనుషులు, మీరు మాత్రమే చూసిన కాగితాలు అందులో ఉన్నప్పుడు ఆ పని ఇంకొకరికి అప్పగించడం వల్ల సంపాదకులకు లాభం ఉండదు.

ఒప్పందంలో ఏ హక్కులు ఇవ్వాలి, ఏవి ఉంచుకోవాలి?

కొత్త రచయితలు అతి తక్కువగా భయపడేదీ, అతి ఎక్కువగా భయపడవలసినదీ ఈ విషయంలోనే. రచనను అమ్మడమంటే ఇల్లు అమ్మడం వంటిది కాదు, గదులు అద్దెకివ్వడం వంటిది. మొదటిసారి అచ్చువేసే హక్కు ఒక గది, పునర్ముద్రణ ఒకటి, అనువాదం ఒకటి, శ్రవ్యరూపం ఒకటి, సినిమా ఒకటి. పత్రికకు సాధారణంగా కావలసింది మొదటి గదీ, తమ వెబ్‌సైటులో ఉంచుకునే వీలూ. 'సమస్త హక్కులూ, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ, శాశ్వతంగా' అని రాసి ఉంటే, మీ కథ పదేళ్ల తరువాత సినిమాగా వచ్చినా మీకు పైసా రాకపోవచ్చు, మీ సొంత సంపుటిలో వేసుకోవడానికి కూడా మీరు అనుమతి అడగవలసి రావచ్చు.

ఈ మాటల వెనుక చరిత్ర ఉంది. అమెరికాలో స్వతంత్ర రచయితలు పత్రికలకు రాసిన వ్యాసాలను ఆ పత్రికలు వారి అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ సమాచార నిధులకు అందించాయి. దాని మీద జొనాథన్ టాసినీ, మరికొందరు రచయితలు న్యూయార్క్ టైమ్స్ తదితర సంస్థలపై వేసిన కేసులో 2001లో అక్కడి సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో రచయితల పక్షాన తీర్పు ఇచ్చింది. కాగితం మీద అచ్చువేయడానికి ఇచ్చిన అనుమతి సమాచార నిధికి వర్తించదని చెప్పింది. గెలుపు రచయితలదే. కానీ ఆ తరహా చిక్కు మళ్లీ రాకుండా అన్ని హక్కులనూ ముందే రాయించుకునే ఒప్పందాలు ప్రచురణరంగంలో మామూలైపోయాయి. నేడు మన ముందుకు వచ్చే కాగితంలో ఆ జాగ్రత్త కనిపిస్తుంది.

కాబట్టి కాగితాన్ని చివరి పంక్తి దాకా చదవండి. హక్కు వారికి మాత్రమేనా, లేక మీరూ వాడుకోవచ్చునా? ఎంతకాలం? ఏ భాషలో? రచనను యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి వాడతారా? ఎవరైనా దావా వేస్తే ఖర్చంతా రచయితే భరించాలనే షరతు ఉందా? నచ్చని వాక్యాన్ని కొట్టేసి, మీకు సమ్మతమైన వాక్యం రాసి తిప్పి పంపండి. అలా అడిగినందుకు అవకాశం పోతుందని భయపడతారు కానీ, నేను అడిగిన సందర్భాల్లో ఎక్కువసార్లు ఒక్క రోజులో మార్పు వచ్చింది. సిద్ధంగా పెట్టుకున్న కాగితాన్నే అందరికీ పంపుతారు, అడిగినవారికి మారుస్తారు.

పారితోషికం ఎలా మాట్లాడుకోవాలి?

పదానికి ఇంత, పుటకు ఇంత, వ్యాసానికి ఇంత అనే పద్ధతులున్నాయి. ఏ పద్ధతిలో వచ్చినా దాన్ని మీకు పట్టే గంటలతో భాగించి చూడండి. పరిశోధన, ప్రయాణం, తిరగరాత అన్నీ అందులో కలపాలి. మొత్తం కంటే ముఖ్యమైనది ఎప్పుడు ఇస్తారన్నది. రచనను అంగీకరించినప్పుడు ఇవ్వడం న్యాయమైన పద్ధతి. ప్రచురించినప్పుడు ఇస్తామంటే, ఆ ప్రచురణ ఏడాదిపాటు వాయిదా పడినా మీరు చేయగలిగిందేమీ ఉండదు. రాయమని అడిగి, మీ తప్పు లేకుండానే మానుకుంటే ఎంత ఇస్తారో కూడా ముందే రాయించుకోండి.

నోటిమాట సరిపోదు, కనీసం ఈమెయిలులోనైనా ఉండాలి. న్యూయార్క్ నగరంలో 2017లో అమలులోకి వచ్చిన చట్టం ఒక స్థాయి మించిన ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, తేదీ ఏదీ అనుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో డబ్బు చెల్లించాలని నిర్దేశించింది. మీరున్న చోట అటువంటి చట్టం లేకపోయినా ఆ 30 రోజుల మాటను మీ బిల్లులో మీరే రాసుకోవచ్చు. గడువు దాటితే సంపాదకులకు కాక లెక్కల విభాగానికి నేరుగా రాయండి. చాలాసార్లు బిల్లు ఆగిపోయిన సంగతి సంపాదకులకు తెలియదు.

డబ్బు కడితే పుస్తకం వేస్తామంటున్నారు. నమ్మవచ్చునా?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం గౌరవమైన మార్గమే. అందులో ముద్రణకు, కూర్పుకు, ముఖచిత్రానికి ఎవరికెంత ఇస్తున్నారో మీకు తెలుస్తుంది, హక్కులూ ప్రతులూ మీ దగ్గరే ఉంటాయి. ప్రచురణ సంస్థనని చెప్పుకుంటూ, మీ రాతప్రతిని ఆకాశానికెత్తి, ఆపై మీ దగ్గరే డబ్బు తీసుకుని, హక్కులు కూడా రాయించుకునేవారి సంగతి వేరు. పుస్తకాలు అమ్ముడుపోయినా పోకపోయినా వారి లాభం మీ నుంచే వచ్చేసింది కాబట్టి, అమ్మవలసిన అవసరం వారికి లేదు. 2007 నుంచి 13 అంకెలతో ఇస్తున్న ఐఎస్‌బీఎన్‌ను పెద్ద ఆకర్షణగా చూపుతారు కానీ, అది పుస్తకాన్ని గుర్తించే సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు, కాపీరైటుకు రుజువూ కాదు.

కలం పేరుతో రాయవచ్చునా?

రాయవచ్చు. ఒప్పందంలో, బిల్లులో మాత్రం అసలు పేరు ఉండాలి.

రచన అచ్చయిన తరువాత చేయవలసిన పని ఏమైనా ఉందా?

వచ్చిన రోజునే ఒకసారి చదివి, తప్పు కనిపిస్తే మీరే ముందుగా సంపాదకులకు చెప్పి సవరణ వేయించండి. పాఠకుడు పట్టుకునే దాకా ఆగకండి. అచ్చు ప్రతులు రెండు తీసి పెట్టుకోండి. అంతర్జాలంలో వచ్చినదైతే ఆ పుటను ఫైలుగా దాచుకోండి, వెబ్ పుటల పాత ప్రతులను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచండి, ఎందుకంటే పత్రికలు మూతపడినప్పుడు వాటి వెబ్‌సైట్లు కూడా మాయమవుతాయి. మీతో మాట్లాడినవారందరికీ ఒక ప్రతి పంపండి. వారు చూపించిన నమ్మకానికి అది మీరు చెల్లించవలసిన బాకీ. నోట్సును, రికార్డింగులను కనీసం కొన్నేళ్లు ఉంచండి, ఎవరైనా అభ్యంతరం చెబితే అవే మీ సాక్ష్యం. తరువాత ఆ నోట్సునే ఇంకోసారి తిరగేయండి. నిడివి సరిపోక వదిలేసిన సంగతుల్లో మరో వ్యాసానికి సరిపడే ప్రశ్న తరచుగా దొరుకుతుంది. మొదటి వ్యాసం పాఠకులకూ సంపాదకులకూ గుర్తుండగానే, రెండు మూడు వారాల్లో దాన్ని ప్రతిపాదనగా పంపండి.